ఊదితే తేలే అంకె

పాత్రపూర్ నుంచి ఇచ్ఛాపురం వచ్చేసరికి ఒడిశా దాటి ఆంధ్రలో ఉంటాం. బోర్డుల మీద ఒడియా పోయి తెలుగు వస్తుంది. తాగి బండి నడిపేవారికి చట్టం గీసిన హద్దు మాత్రం రెండు పక్కలా ఒకటే: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. అది దాటితే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. బ్రిటన్ 1967లో తన హద్దును 80గా పెట్టుకుంది. మన చట్టం అంతకంటే చాలా కఠినం, అలా ఉండడమే మంచిది.

మరి రక్తంలో ఉన్నది ఊపిరిలో ఎలా తెలుస్తుంది? తాగిన మందు కడుపులోంచి, చిన్నపేగులోంచి రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ఊపిరితిత్తుల్లో తిరిగేటప్పుడు కొంత ఆల్కహాల్ ఆవిరై గాలిలో చేరుతుంది. సుమారు 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఎంత ఉంటుందో ఒక్క మిల్లీలీటరు రక్తంలో అంత ఉంటుందన్నది యంత్రం లెక్క. 1954లో అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ తయారుచేసిన బ్రీత్ అనలైజర్‌లో పసుపుపచ్చ ద్రావణం ఆల్కహాల్ తగిలి రంగు మారేది. ఇప్పుడు పోలీసులు వాడే పరికరాల్లో ఎక్కువగా ఉండేది ఫ్యూయల్ సెల్. అందులోని ప్లాటినం మీద ఆల్కహాల్ రసాయన చర్య జరిపి సన్నని కరెంటు పుట్టిస్తుంది. కరెంటు ఎంత ఎక్కువైతే రీడింగ్ అంత పెరుగుతుంది.

గట్టిగా, ఆపకుండా ఊదమనేది అందుకే. లోతునున్న గాలి బయటికి రావాలి. కిళ్ళీ, సోంపు వాసనను కప్పుతాయి గానీ ఆ గాలిని మార్చలేవు. అయితే ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో అప్పుడే పుక్కిలించినవాడికి కూడా రీడింగ్ ఎక్కువ చూపవచ్చు. పావుగంట ఆగి మళ్ళీ ఊదిస్తే నోటిలోని తడి వల్ల వచ్చిన తేడా పోతుంది. తాగలేదని నమ్మకంగా చెప్పేవాడికి ఆ పావుగంట ఇవ్వడం న్యాయం.

అనుమానానికి తగిన కారణం ఉంటే యూనిఫాంలో ఉన్న పోలీసు ఊదమని అడగవచ్చు. తాగాడని అనుమానించదగ్గ మనిషి ఊదనంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. ఆ నిరాకరణ కోర్టులో అతనికి వ్యతిరేకంగా నిలుస్తుంది. 185 కింద అరెస్టయితే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలి, లేకుంటే వదిలేయాలి. పల్లెదారిలో పట్టుబడితే ఆస్పత్రికి వెళ్ళే ప్రయాణం కూడా ఆ రెండు గంటల్లోనే ఇమడాలి. నోటి వాసన, తూలే నడక మాత్రమే చాలవని సుప్రీంకోర్టు 1971లోనే మహారాష్ట్ర కేసులో చెప్పింది.

బండి సంగతి? తాగని, లైసెన్సున్న మనిషి వెంట ఉంటే అతనికే అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021లో తీర్పునిచ్చింది. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

రాత్రి పెళ్ళివిందులో తాగి తెల్లవారుజామున లారీ తీసేవాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది. కాలేయం గంటకు 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గిస్తుంది. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ దాన్ని తొందరపెట్టలేవు. అర్ధరాత్రి 150 ఉన్నవాడికి ఉదయం ఆరింటికి ఇంకా 60 దాకా ఉంటుంది, అంటే హద్దుకు రెట్టింపు.