అక్వేరియం చేపల వర్ణహీనత: కారణాలు, పునరుద్ధరణ మార్గాలు

ప్రవేశిక:
కళాశాలల జంతుశాస్త్ర ప్రయోగశాలల్లోనూ, తార్నాక, బౌద్ధనగర్ వంటి విశ్వవిద్యాలయ పరిసరాల ఇళ్లలోనూ అక్వేరియం సుపరిచితమైన వస్తువే. తెచ్చిన కొన్నాళ్లకే చేప వెలిసిపోతే, రంగు పెంచే మేతను కొనడం పరిపాటి. అయితే వర్ణహీనత వ్యాధి కాదు, లక్షణం మాత్రమే. కారణం తెలియకుండా మేత పెంచితే, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. చేప ప్రాణానికే ముప్పు ఏర్పడుతుంది. ఆ కారణాలను వేరుచేసి వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

వర్ణకణాల స్వరూపం:
చేప రంగుకు ఆధారం చర్మంలోని క్రొమాటోఫోర్లు అనే వర్ణకణాలు. మెలనోఫోర్లలో నల్లని మెలనిన్, జాంథోఫోర్లలో పసుపు, ఎరిత్రోఫోర్లలో ఎరుపు వర్ణకాలు ఉంటాయి. ఇరిడోఫోర్లలోని గ్వానిన్ స్ఫటికాలు కాంతిని పరావర్తనం చేసి మెరుపును, నీలివర్ణాన్ని కలిగిస్తాయి. నియాన్ టెట్రా నీలిచార ఇటువంటిదే. కనుక వర్ణక మేతతో ఆ చారను తిరిగి తేలేము.

మార్పు రెండు విధాలు:
వర్ణకం కణమధ్యంలో కూడుకుంటే చేప పాలిపోతుంది. కణమంతటా వ్యాపిస్తే ముదురుతుంది. నాడులు, హార్మోన్లు నియంత్రించే ఈ మార్పు నిమిషాల్లోనే జరగవచ్చు. భయం, చీకటి, తెల్లని అడుగుభాగం ఇందుకు కారణాలు. తెల్లని గులకరాళ్లపై స్థితి వారాల తరబడి కొనసాగితే వర్ణకణాల సంఖ్య, వర్ణక పరిమాణం కూడా తగ్గుతాయి. ఇది రెండవ విధమైన, నిదానమైన మార్పు.

ఆహారం పాత్ర:
మెలనిన్‌ను చేప స్వయంగా తయారుచేసుకుంటుంది, కెరోటినాయిడ్లను తయారుచేసుకోలేదు. ఈ విషయంలో మనిషీ అంతే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ విటమిన్ ఎ లోపంపై చేసిన పరిశోధనలు 1970 నాటి జాతీయ నివారణ కార్యక్రమానికి ఆధారమయ్యాయి. ఆ విటమిన్‌కు శాకాహారంలోని మూలం కెరోటినాయిడ్లే.

అన్ని చేపల శక్తి ఒకటి కాదు. బంగారు చేప జియాజాంథిన్‌ను ఎర్రని అస్టాజాంథిన్‌గా మార్చుకోగలదు. సాల్మన్‌కు అస్టాజాంథిన్‌నే నేరుగా అందించాలి. స్పిరులినాలో జియాజాంథిన్, బంతి రేకుల్లో లూటిన్, ఎండుమిరపలో క్యాప్సాంథిన్ లభిస్తాయి. రంగు ఎక్కువగా, కారం తక్కువగా ఉండే వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. మేతలో దాని వినియోగం పరిశోధనార్హమైన అంశం. కెరోటినాయిడ్లు గాలి, వెలుతురు, వేడి తగిలితే నశిస్తాయి కనుక, మూత తీసి చాలాకాలం ఉంచిన మేత వల్ల ప్రయోజనం తక్కువ.

పునరుద్ధరణ క్రమం:
రంగు గంటల్లో తగ్గితే ముందుగా నీటిని పరీక్షించాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో తొలగించాలి. క్షారత్వం పెరిగినకొద్దీ అమ్మోనియా విషప్రభావం పెరుగుతుంది కనుక, పీహెచ్‌నూ అమ్మోనియానూ కలిపి చూడాలి. మచ్చలు, శ్వాసవేగం, మేత మానడం కనిపిస్తే వ్యాధిని అనుమానించి, ఆ చేపను వేరుచేయాలి. ఇవేవీ లేకుండా వారాల్లో నెమ్మదిగా వెలిస్తే, అడుగున ముదురు ఇసుక పరచి, దాపుకు మొక్కలు నాటి, తాజా వర్ణక మేతను కొద్దికొద్దిగా ఇవ్వాలి. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది.

కొన్ని మార్పులకు చికిత్స లేదు. వయసుతో తెల్లబడే బంగారు చేపది సహజ పరిణామం. రంగు ఎక్కించి అమ్మిన గాజు చేప వెలవడం, నిజానికి తన పారదర్శక రూపానికి తిరిగి రావడమే.

ముగింపు:
వెలిసిన చేప విషయంలో ముందుగా అడగవలసినది ‘ఏ మేత?’ అని కాదు, ‘ఎంత కాలంలో వెలిసింది?’ అని. నీరు, పరిసరం, ఆహారం అనే వరుసలో పరిశీలిస్తే, రంగుతోపాటు ప్రాణమూ నిలుస్తుంది.