ఆత్మశిక్షణలో విశ్రాంతి స్థానం

పల్నాడు జిల్లాలోని కొండవీడు దుర్గాన్ని చూడబోయినవారు సాధారణంగా బురుజులను, కోటగోడలను చూచి వస్తారు. రెడ్డిరాజుల రాజధానిగా వెలసి, 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమై, 1579లో గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చి ముర్తజానగరమని పేరు పొందిన ఆ కోట చరిత్రంతా గోడల చుట్టూ తిరిగినట్లే కనిపిస్తుంది. కాని కొండమీద నది లేదు. వానే ఆధారం. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అనే మూడు చెరువులు లేకుంటే ఎంత ఎత్తయిన గోడ ఉన్నా లోపలివారు ముట్టడికి నిలువగలిగేవారు కారు.

మన ప్రాంతంలో చెరువు కట్టించినవారెవరూ కట్ట ఒక్కటే వేసి ఊరుకోలేదు. మిగులు నీరు పొర్లిపోవడానికి అలుగు కూడా కట్టించారు. అలుగు లేని చెరువు మంచి వానకే తెగిపోతుంది. మనిషి తన మనస్సుకు వేసుకొనే కట్టలకు కూడా ఇలాంటి ఏర్పాటు ఉండాలని ఇస్లాం ఎంత స్పష్టంగా చెప్పిందో గమనించేవారు తక్కువ. ధర్మనిష్ఠ అంటే కట్ట ఎత్తు పెంచుకొంటూ పోవడమేనని అనుకొనేవారే ఎక్కువ.

దైవప్రవక్త (స) మదీనాలో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూదర్దా (రజి) ఇద్దరినీ సోదరులుగా కలిపారు. ఒకనాడు సల్మాన్ ఆయన ఇంటికి వెళ్ళేసరికి ఇల్లాలు మాసిన బట్టలతో కనిపించింది. కారణమడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనేముందని ఆమె సమాధానం. ఆ ఒక్క మాటలో ఎంత బాధ దాగి ఉందో సల్మాన్ గ్రహించారు. అబూదర్దా అతిథికి భోజనం పెట్టించి తనకు ఉపవాసమన్నారు. మీరు తింటేగాని నేను ముట్టనని సల్మాన్ పట్టుబట్టి ఆయనచేత తినిపించారు. రాత్రి నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్ళీ లేస్తే మళ్ళీ పడుకోమన్నారు. చివరి జామున తానే లేపగా ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు, దేహానికి, ఇంటివారికి ఎవరి హక్కు వారికి చెల్లించాలని అప్పుడు చెప్పారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ మాటను సమర్థించారు.

బుఖారీ గ్రంథంలోని ఈ ఉల్లేఖనంలో గమనించవలసిన పదం ‘హక్కు’. విశ్రాంతిని ఇక్కడ దయగానో, బలహీనులకు ఇచ్చే సడలింపుగానో చెప్పలేదు. తీర్చవలసిన బాకీగా చెప్పారు. బాకీ ఎగవేసి దానధర్మాలు చేసేవాణ్ణి ఎవరూ ధర్మాత్ముడనరు గదా!

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) విషయం ఇంకా ఆలోచింపజేసేది. యౌవనంలో ఆయన ప్రతిదినం ఉపవాసముండేవారు. ప్రతిరాత్రి ఖుర్ఆన్ అంతా పారాయణం చేసేవారు. నెలకు మూడు ఉపవాసాలు చాలునని దైవప్రవక్త (స) బోధించారు. ఇంకా చేయగలనని ఆయన బతిమాలుకొంటూ పోయారు. చివరకు దినం విడిచి దినం ఉపవాసమనే దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) పద్ధతి వద్ద ఆ బేరం ఆగింది. ముసలితనం వచ్చాక, ఆనాడు ఇచ్చిన సౌలభ్యాన్ని అంగీకరించి ఉంటే ఎంత బాగుండేదని ఆయనే అన్నారు. అయినా ప్రవక్తకు మాట ఇచ్చిన ఆచరణను విడువలేక కష్టంమీద కొనసాగించారు. యువకుని ఉత్సాహం వేసిన లెక్కను వృద్ధుని దేహం తీర్చవలసి వచ్చింది.

ఏకాగ్రత విషయంలో కూడా ప్రవక్త బోధ ఇదే దారిన సాగింది. మస్జిదులో రెండు స్తంభాల నడుమ ఒక త్రాడు కట్టి ఉండగా చూచి అదేమిటని అడిగారు. హజ్రత్ జైనబ్ (రజి) నమాజులో అలసినప్పుడు పట్టుకొనేందుకని చెప్పారు. దానిని విప్పించి, ఉత్సాహమున్నంతసేపే నిలబడాలనీ, అలసితే కూర్చోవాలనీ ఆదేశించారు. నమాజులో కునుకు పట్టేవాడు పడుకోవడం మేలని మరో సందర్భంలో చెప్పారు. మగతలో క్షమాభిక్ష కోరబోయి తన్ను తానే శపించుకోవచ్చునట! మనస్సు లేనిచోట గంటలు లెక్కపెట్టడం ఆరాధన కాదన్నమాట.

దివ్యఖుర్ఆన్ నిద్రను విశ్రాంతిగానూ, రాత్రిని ఆచ్ఛాదనగానూ పేర్కొన్నది. అయితే ఇస్లాంలో యూదుల సబ్బాతువంటి పూర్తి సెలవుదినం లేదు. శుక్రవారం అజాన్ విన్నాక వ్యాపారం ఆపాలి. నమాజు ముగిశాక జీవనోపాధికై బయలుదేరవచ్చు. విశ్రాంతి వారానికొకసారి వచ్చే పండుగగా కాక, రోజులోనే కలిసిపోయింది. సహాబీలు జుమా తర్వాత భోంచేసి కాసేపు పడుకొనేవారు. దీనినే ఖైలూలా అంటారు. మే నెల ఎండల్లో మధ్యాహ్నం నడుము వాల్చే పల్నాటి రైతుకు దీనిని వేరే నేర్పనక్కరలేదు. అది సోమరితనమని ఎగతాళి చేసే చదువరులకే నేర్పాలి.

ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మనిషి ఆ సౌలభ్యాన్ని ఎందుకు కాదంటాడు? దీనికి సమాధానం ఇమామ్ గజాలీ స్వీయచరిత్రలో దొరుకుతుంది. 1091లో సల్జూక్ మంత్రి నిజాముల్ముల్క్ ఆయనను బాగ్దాదు నిజామియా విద్యాలయంలో ఆచార్యునిగా నియమించాడు. అప్పటికి ఆయనకు నలభైయేళ్ళు నిండలేదు. మూడువందలమంది విద్యార్థులు, దర్బారులో గౌరవం, దేశదేశాల్లో పేరు ఉండేవి. అలాంటి స్థితిలో ఆయన తన పనులను తానే తూచి చూచుకొన్నారు. అన్నిటిలో ఉత్తమమైనదనుకొన్న విద్యాబోధన కూడా అల్లాహ్ ప్రసన్నతకోసం కాదనీ, కీర్తికాంక్షే దాన్ని నడుపుతున్నదనీ తేలింది. 1095లో ఆరు నెలలపాటు వెళ్ళాలా, ఉండాలా అనే ఊగిసలాట సాగింది. ఉదయం తీసుకొన్న నిర్ణయం సాయంత్రానికి కరిగిపోయేది. చివరకు పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. ఆహారం దిగలేదు. వ్యాధి హృదయంలో పుట్టి దేహానికి ప్రాకిందనీ, మనస్సు కుదుటపడితే తప్ప మందు లేదనీ వైద్యులు చేతులెత్తేశారు.

ఆయన పదవి వదిలారు. భార్యాబిడ్డలకు సరిపడినంత ఉంచి తక్కిన ధనం పంచిపెట్టారు. హజ్ యాత్రకని చెప్పి సిరియా వెళ్ళారు. దమిష్క్ మస్జిదు మీనారులో తలుపు వేసుకొని ఏకాంతంలో గడిపారు. బైతుల్ మఖ్దిస్, మక్కా, మదీనా దర్శించారు.

ఇక్కడివరకు చాలామంది ఎరిగినదే. సాధారణంగా విడిచిపెట్టేది తర్వాతి భాగం. ఆ ఏకాంతం కూడా పరిపూర్ణంగా సాగలేదని ఆయనే వ్రాసుకొన్నారు. పిల్లల పిలుపు స్వదేశానికి లాగింది. కుటుంబ బాధ్యతలు, బతుకుతెరువు అడ్డం వచ్చాయి. నిర్మలమైన స్థితి అప్పుడప్పుడే లభించేది. అయినా ఆశ వదలక మళ్ళీ మళ్ళీ ఆ స్థితికి మరలేవారు. 1106లో నీషాపూరులో తిరిగి బోధన చేపట్టినప్పుడు, చూచేవారికి ఇది వెనుకటి పనిలాగే కనిపించినా అది కాదనీ, ఇదివరకు పదవి సంపాదించిపెట్టే విద్య నేర్పితే ఇప్పుడు పదవిని విడువనేర్పే విద్య నేర్పుతున్నాననీ వివరించారు. ఆ కోరికైనా పూర్తిగా నెరవేరుతుందో లేదో తెలియదని కూడా ఒప్పుకొన్నారు. 1111లో తూస్‌లో కన్నుమూశారు. పదేళ్ళ సాధన తర్వాత తనకు లోపం లేదని ప్రకటించనివాడు గనుకనే ఆయన మాట నమ్మదగినది.

లోపమే ఉండరాదనే పట్టుదలకు అరబీలో ఒక జబ్బు పేరే ఉంది. అది వస్వసా. వుజూలో చేయి తడిసిందో లేదోనని పదేపదే కడగడం, నియ్యత్ కుదరలేదని తక్బీరు మళ్ళీమళ్ళీ చెప్పడం దాని లక్షణాలు. గజాలీ సమకాలికుడైన బాగ్దాదు హంబలీ పండితుడు ఇబ్నె అఖీల్ వద్దకు ఒకడు వచ్చి, ఎన్నో మునకలు వేసినా తడిసినట్లు నమ్మకం కలగడంలేదు, నా నమాజు సంగతేమిటని అడిగాడట. నీకు నమాజు విధి కాదు పొమ్మన్నారు ఆయన. మతి స్థిమితం లేనివానికి విధి లేదు గదా, నీట మునిగి తడవలేదనేవాడు మరెవరని వివరణ! ఈ సంగతిని ఇబ్నుల్ జౌజీ చెప్పారు. నవ్వు వచ్చినా, ఆ బాధ పడేవారి ఇళ్ళలో అది నవ్వులాట కాదు. అలాంటివారిని మందలించి లాభం లేదు. వైద్యుని చూపించాలి.

ఈ పట్టుదల మన మధ్య మరో రూపంలో కనిపిస్తుంది. కొండవీటి చుట్టుపట్ల గ్రామాల్లో, నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాల్లో ఇంట తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలున్నాయి. నూర్‌బాషాల ఇళ్ళు వాటిలో అనేకం. ఐన్, హా, జాద్ అక్షరాల ఉచ్చారణ తెలుగు నాలుకకు అలవాటు లేనిది. నలుగురిలో తప్పు పలికితే నవ్వుతారని ఖుర్ఆన్ తెరవడమే మానుకొన్నవారు, సరిగ్గా వచ్చాకే మొదలుపెడతామని ఏళ్ళు గడిపినవారు ప్రతి జమాఅత్‌లోనూ ఉన్నారు. అందులో అల్లాహ్ భీతి ఎంత, మనుషుల భయం ఎంత అనేది ఎవరికి వారు విడదీసి చూచుకోవలసిన లెక్క. తడబడుతూ, కష్టపడుతూ పారాయణం చేసేవానికి రెండు పుణ్యఫలాలని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అంటే నేర్చుకోవడం మానమని కాదు. ఒక చిన్న సూరా, పలుకు దిద్దగల ఒక మనిషి, ఇషా తర్వాత పావుగంట ఉంటే చాలు. మొదట ఫాతిహాతో ప్రారంభించి, దిద్దుకొన్నంత దిద్దుకొని, మిగిలినదాన్ని రేపటికి ఉంచి నిద్రపోవచ్చు.