మన సంచికల పేజీలకు ఏ ఎడిటరు మంచిది?

పోయిన ఉగాది తరువాత, మా సంఘం పాత సంచికలన్నీ ఒకచోట చేర్చి ఇంటర్నెట్టులో పెడదామని మేము నలుగురం కూర్చున్నాము. పని చిన్నదే అనుకున్నాము. 1980 ప్రాంతాల్లో స్టెన్సిలు మీద చేత్తో వ్రాసి, ఎవరో ఒకరి బేస్‌మెంటులో సైక్లోస్టయిలు తీసిన కాపీలు పసుపుపచ్చబడ్డాయి గానీ ఈనాటికీ హాయిగా చదువుకోవచ్చు. చిక్కు వచ్చింది వాటితో కాదు. 1999 నుంచి 2003 దాకా తపాలా ఖర్చు కలిసివస్తుందని కాగితం మానేసి, కేవలం వెబ్ పేజీలుగా వేసిన సంచికలతో. అవి తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఫ్రెంచివాళ్ళ టోపీ అక్షరాలు కలగాపులగంగా కనిపించాయి. ఆ గందరగోళంలోనే ఎక్కడో, కాలం చేసిన ఒక డాక్టరుగారు ఈ దేశంలో తమ మొదటి శీతాకాలం గురించి వ్రాసిన వ్యాసం ఉంది. వారి అమ్మాయి ఆ వ్యాసం కోసం మాకు రెండుసార్లు ఫోను చేసింది.

తప్పు ఎవరిదీ కాదు. ఆ రోజుల్లో తెలుగు ఫాంటు తయారు చేసేవారు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన తలకట్లను, గుణింతాలను, వత్తులను ముక్కలుగా సర్దేవారు. ఆ ఫాంటు యంత్రంలో ఉన్నంతకాలం తెలుగు కనిపిస్తుంది. ఫాంటు పోతే మిగిలేది ఆ ఇంగ్లీషు అక్షరాలే. పైగా ఏ ఫాంటు సర్దుబాటు దానిదే. యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే, అంటే 1991లోనే, తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. కానీ 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చేవరకు మామూలు ఇళ్ళలోని కంప్యూటర్లకు ఆ సంగతి పెద్దగా అందలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో వ్రాసినవారు మనకన్నా అదృష్టవంతులు. అది చూపుకు ఇంగ్లీషే అయినా, ఏ అక్షరానికి ఏ అక్షరమో నియమం ప్రకారం ఉంటుంది. ఆ నియమం అందరికీ తెలుసు. కనుక యూనికోడ్ వచ్చాక ఆ వ్రాతలను యంత్రమే మార్చిపెట్టింది. 1998లో అమెరికానుంచి మొదలైన 'ఈమాట' పాత సంచికలు ఈనాడు శుభ్రమైన తెలుగులో చదువుకోగలుగుతున్నాము.

ఇంత వెనకటి కథ ఎందుకంటే, ఈసారి మళ్ళీ అదే గోతిలో పడకూడదనుకున్నాము. పేజీలు తయారుచేసేది మాలో కంప్యూటరు ఉద్యోగులు కాదు. వంటల శీర్షిక చూసే సుభాషిణి వదినగారి వంటివారు, బాలానందం పేజీ చూసే రిటైరైన ఇంజనీరుగారి వంటివారు. వారికి తెరమీద కాగితంలా కనిపించి, టైపు చేస్తే అక్కడికక్కడే పేజీ తయారయ్యే ఎడిటరు కావాలి. డబ్బు పెట్టక్కరలేనిది కావాలి. వెనుక పుట్టే కోడు శుభ్రంగా ఉండాలి.

శుభ్రం అంటే ఏమిటని వదినగారే అడిగారు. మేము మూడు పరీక్షలు పెట్టుకున్నాము. మొదటిది, 'తెలుగు' అన్న ఒక్క మాట టైపు చేసి, దాచి, ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవడం. అక్కడ కూడా 'తెలుగు' అనే కనపడాలి. కొన్ని ఎడిటర్లలో &#3108; అంటూ అంకెలు వస్తాయి. అది 'త' అక్షరపు సంఖ్య. బ్రౌజరుకు అర్థమవుతుంది, మనిషికి కాదు. ఆరు గుర్తుల ఆ మాట యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు, ఈ అంకెల్లో అయితే 42. రెండవది, శీర్షికను నిజంగా శీర్షికగా గుర్తిస్తోందా, లేక లావు అక్షరాలు చేసి ఊరుకుంటోందా అని. మూడవది, పేజీ తలలో భాష తెలుగు అని ప్రకటించే వీలుందా అని. ఈ మూడవదానికి మేము మొదట అంత విలువ ఇవ్వలేదు. మాలో ఒకరి తల్లిగారికి చూపు మందగించింది, ఫోను చదివి వినిపిస్తే వింటారు. భాష ఇంగ్లీషు అని వ్రాసి ఉన్న పేజీ ఇస్తే, ఫోను ఇంగ్లీషు గొంతుతో తడబడి, తెలుగంతా దాటేసి, తేదీలు మాత్రం చదివింది. "సంచికలో అంకెలే ఉన్నాయిరా నాయనా" అన్నారావిడ.

అందరికీ చేతనైన వర్డు ప్రాసెసర్‌లో వ్రాసి వెబ్ పేజీగా దాచుకోవడం ఎందుకు వద్దు అని మీరడగవచ్చు. అలా చేసిన ఫైలులో మన వ్యాసం ఒక వంతు, ప్రోగ్రాము తనకోసం వ్రాసుకున్నది పది వంతులు ఉండవచ్చు. ఈ చెత్త ఊడ్చడానికి టైడీ అనే ఉచిత పరికరం ఉంది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీలో పనిచేసిన డేవ్ రాగెట్ మొదలుపెట్టినది. అందులో వర్డ్ 2000 పేజీలకోసం ప్రత్యేకంగా ఒక మీటే పెట్టారంటే చూడండి.

ఎడిటర్ల సంగతికి వస్తే, అమాయా పేరులాగే అమాయకమైనది. 1996లో డబ్ల్యూ3సీ మొదలుపెట్టింది, కోడు మడి కట్టుకున్నట్టు ఉంటుంది. కానీ 2012తో దాని కథ ముగిసింది. ఎన్‌వ్యూ 2005లో వచ్చి బాగా పేరు తెచ్చుకుంది. దాన్ని అందుకున్న కంపోజెడ్ 2010 దగ్గర ఆగింది. ఎన్‌వ్యూ వ్రాసిన డేనియల్ గ్లాజ్‌మన్ తరువాత చేసిన బ్లూగ్రిఫన్ కొత్త ప్రమాణాలు తెలిసినది. మాకు నచ్చింది కూడా. దాని అభివృద్ధి కూడా ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ 2012 చివర్లో ఎక్స్‌ప్రెషన్ వెబ్‌ను ఉచితం చేసింది. ఉచితమన్న రోజే ఇక కొత్త రూపాలు రావని కూడా చెప్పారు. ఉచిత ఎడిటర్లది సత్రం భోజనం. వడ్డించేవారు వెళ్ళిపోతే అడిగే హక్కు మనకు లేదు. అందుకే ఎడిటరు బ్రతుకును నమ్ముకోవడం మానేసి, అది విడిచి వెళ్ళే ఫైలు ఎలా ఉంటుందన్నదే చూశాము.

చివరకు సీమంకీలో ఉండే కంపోజరును ఎంచుకున్నాము. పాతకాలపు సరుకే. కొత్త పేజీ తెరిస్తే పాత హెచ్.టి.ఎం.ఎల్. 4 వరుసనే వ్రాస్తుంది. కొత్త పేజీలో ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని మనం మార్చకపోతే ఆ అంకెలే తయారవుతాయి. ఎంటర్ నొక్కితే పేరా బదులు వట్టి వరుస విరుపు పెట్టే అలవాటు కూడా ఉంది. ఇన్ని లోపాలున్నా ఎందుకంటే, అది తెచ్చిన ఫైలులో తనకోసం వ్రాసుకునేది చాలా తక్కువ. ఆ లోపాలకు మా విరుగుడు ఒక అచ్చు పేజీ. మాలో ఒకరు తలభాగం అంతా చేత్తో వ్రాసి పెట్టారు: యూటీఎఫ్-8, భాష తెలుగు, ఫోనులో అమరే కొలత, అందరికీ ఒకే అలంకరణ ఫైలు. మిగిలినవారు ఆ అచ్చు తెరిచి, వ్యాసం నింపి, వేరే పేరుతో దాచుకోవడమే. రంగులు, అక్షరాల సైజులు ముట్టుకోవద్దని అందరితో మాట తీసుకున్నాము. వదినగారు ఉగాది పచ్చడి పేజీలో ఆకుపచ్చ వేశారు, టైడీ తరువాత మర్యాదగా తీసేశాము.

డాక్టరుగారి వ్యాసం మాట. పాత పత్రికల ఫాంటులను యూనికోడులోకి మార్చే 'పద్మ' అనే ఉచిత ఉపకరణం ఉండేది గానీ, దాని జాబితాలో మా ఫాంటు లేదు. వారి అమ్మాయి ఇంట్లో ఆ వ్యాసం మొదటి పేజీ ప్రింటు ఒకటి దొరికింది. దానిని పక్కన పెట్టుకుని, ఏ గుర్తు ఏ అక్షరమో మూడు శనివారాలు కూర్చుని పట్టిక వేశాము. మంచులో బస్సుకోసం నిలబడ్డ సంగతి, చేతి సంచిలో ఆవకాయ గడ్డకట్టిన సంగతి బయటపడ్డాయి. రెండు వత్తులు ఇంకా తేలలేదు. మొదటి పేజీలో అవి రాలేదు మరి. ఆ రెండుచోట్లా చుక్కలు పెట్టాము.

1999 నుంచి 2003 వరకు మన సంచిక ఏదైనా ప్రింటు తీసుకున్నవారు మీలో ఉంటే, ఒక్క పేజీ అయినా సరే, మాకు పంపండి. అచ్చు పేజీ కావలసినవారు వచ్చే నెల సమావేశానికి తమ కంప్యూటరు వెంట తెచ్చుకుంటే, టిఫిను తరువాత కూర్చుని ఎక్కించి ఇస్తాము.