గుండ్రని గొట్టంలో కొండ దిగే ఇనుము

ద్రవాలను మోసే గొట్టాలు దాదాపు ఎక్కడ చూసినా గుండ్రంగానే ఉండటానికి అలవాటు గానీ అందం గానీ కారణం కాదని గ్రహించడానికి విశాఖపట్నం ఎంతో అనువైన ఊరు. 1957లో కాల్టెక్స్ సంస్థ నెలకొల్పగా ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియం నడుపుతున్న చమురు శుద్ధి కర్మాగారం నుంచి పెట్రోలు, డీజిలు విజయవాడ మీదుగా సికింద్రాబాదు వైపు గొట్టాల్లోనే సాగిపోతాయి. అంతకంటే విశేషమైనది, ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి ఎస్సార్ స్టీల్ వేసిన 267 కిలోమీటర్ల పైపులైను. బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని మెత్తగా నూరి నీటిలో కలిపితే వచ్చే చిక్కని బురదను స్లర్రీ అంటారు. అది ఈ గొట్టం గుండా విశాఖ చేరాక నీటిని వడగట్టి, మిగిలిన పొడిని ఉక్కు తయారీకి పనికొచ్చే గుళికలుగా చేస్తారు.

బరువులో మూడింట రెండు వంతులు ఖనిజమే ఉన్న స్లర్రీ నీటి కంటే సుమారు రెండు రెట్లు బరువుంటుంది. 100 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు అడుగున ఒక్కో చదరపు సెంటీమీటరుపై 10 కిలోల బరువుతో నొక్కితే, అంతే ఎత్తున్న స్లర్రీ 20 కిలోల బరువుతో నొక్కుతుంది. ఈ నొక్కుడునే పీడనం అంటారు. నిలకడగా ఉన్న ద్రవంలో ఒక చోట అది ఏ దిక్కుకైనా ఒకే బలంతో నెడుతుంది. అగ్నిమాపక శకటం మీద చుట్ట చుట్టి పెట్టిన గుడ్డ గొట్టం పట్టీలా చదునుగా ఉంటుంది. నీరు వదిలిన క్షణంలో అది బిర్రుగా ఉబ్బి, ఎవరూ మలచకుండానే, గుండ్రంగా నిలబడుతుంది.

గుండ్రని గోడలో ఆ నెట్టుడు చుట్టూ సమానమైన లాగుడుగా మారిపోగా, పలకల గొట్టంలో మాత్రం చదునైన గోడలు బయటికి వంగబోతాయి, ఆ వంపు భారమంతా మూలల మీద పడుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 1 సెంటీమీటరు మందం ఉన్న రెండు గొట్టాలను లెక్కగడితే, ఒకే పీడనానికి చతురస్రపు గొట్టం మూలల్లోని ఉక్కు గుండ్రని గొట్టపు ఉక్కు కంటే దాదాపు 40 రెట్ల ఒత్తిడిని భరించవలసి వస్తుంది. ఇంత తేడాను కాస్త మందం పెంచి సర్దడం సాధ్యం కాదు.

బలం సంగతి పక్కన పెట్టినా ఖర్చు తేడా చిన్నదేమీ కాదు. లోపల అంతే చోటు, గోడకు అంతే మందం ఉండేలా చతురస్రపు గొట్టం చేయాలంటే రేకు సుమారు 13 శాతం ఎక్కువ పడుతుంది. 267 కిలోమీటర్ల మేర అది మరో 34 కిలోమీటర్ల గుండ్రని గొట్టానికి సరిపోయే ఉక్కు. గోడ పెరిగిన కొద్దీ ద్రవానికి రాపిడీ పెరుగుతుంది, పంపులకు కరెంటూ ఎక్కువ కావాలి.

స్లర్రీకి మూలలు చేసే చేటు మరొకటి ఉంది. గోడను తాకే పొర ఎప్పుడూ మెల్లగానే కదులుతుంది, రెండు గోడలు కలిసే మూలలోనైతే ప్రవాహం మరీ మందగిస్తుంది. వేగం తగ్గిన చోట ఖనిజపు పొడి కిందికి దిగి పేరుకుంటుంది, పేరుకున్నది గట్టిపడితే దారే మూసుకుపోతుంది.

పీడనం పెద్దగా లేని చోట ఈ నియమం సడలుతుంది కాబట్టే ఏసీ గాలిని మోసే రేకు గొట్టాలు పలకలుగా ఉండి కూడా తట్టుకుంటాయి. ఏలేరు నీటిని 153 కిలోమీటర్ల దూరం నుంచి విశాఖకు తెచ్చే కాలువ కూడా గుండ్రంగా ఉండదు. పైన తెరచి ఉండి, పల్లానికి పారే ఆ నీటికి ఏటవాలు గట్లు చాలు. అదే నీటిని పంపుతో మిట్టకు ఎక్కించవలసిన చోట మాత్రం మళ్లీ గుండ్రని గొట్టమే వేస్తారు.