బీపీ, షుగర్ లేకున్నా పక్షవాతమా? పాతికేళ్లకే ముప్పు ఎందుకంటే..

కంకిపాడు: బీపీ లేదు, షుగర్ లేదు. వయసు 30 కూడా దాటలేదు. అయినా పక్షవాతం వస్తుందా? వస్తుంది. కొందరి రక్తానికి అవసరానికి మించి గడ్డకట్టే గుణం ఉండటం దీనికి ఒక కారణం.

అసలేం జరుగుతుంది?
గాయమైతే రక్తం గడ్డకట్టాలి. అది హద్దు దాటకుండా ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీ థ్రాంబిన్ బ్రేకుల్లా పనిచేస్తాయి. పుట్టుకతోనే ఇవి తక్కువగా ఉంటే ముఖ్యంగా సిరల్లో గడ్డలు ఏర్పడే ముప్పు ఎక్కువ. యాంటీ ఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే సమస్యలో ధమనుల్లో కూడా గడ్డలు వస్తాయి. పదే పదే గర్భస్రావం కావడం దీనికి ఒక సూచన.

నిమ్స్‌లో తేలిందిదే
మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిన 428 మంది వివరాలను హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2012లో ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 31 ఏళ్లే! సగానికి పైగా మగవాళ్లే. రక్తహీనత, మద్యం, గర్భనిరోధక మాత్రలు వంటివి కూడా కారణాల్లో ఉన్నాయి. ఒంట్లో నీరు తగ్గినా ముప్పే. అందుకే బాలింతలకు నీళ్లు తగ్గించి ఇవ్వడం మంచిది కాదు.

ఈ లక్షణాలుంటే జాగ్రత్త
* మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం
* ఒకవైపు చెయ్యి, కాలు పట్టు తప్పడం
* రోజుల తరబడి తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్

వెంటనే ఏం చేయాలి?
108కి ఫోన్ చేయాలి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో టైం గుర్తుపెట్టుకోవాలి. ధమనిలో గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి. కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీద విజయవాడ దగ్గరే. కానీ పసరు వైద్యం, మర్దనా అంటూ ఇంట్లోనే ఆలస్యం చేస్తే ఆ టైం కాస్తా దాటిపోతుంది. స్కాన్ తీయకుండా యాస్పిరిన్ వేయొద్దు. మెదడులో రక్తస్రావం అయి ఉంటే ఇంకా ప్రమాదం.

తగ్గాక కూడా..
కారణం తేల్చే రక్త పరీక్షల్లో కొన్ని, గడ్డ ఉన్నప్పుడు, మందులు వాడుతున్నప్పుడు తప్పుగా రావచ్చు. యాంటీ ఫాస్ఫోలిపిడ్ పరీక్షలో తేడా వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేయించాలి. రక్తం పలుచబడే మాత్రలు బాగానే ఉంది కదా అని సొంతంగా ఆపొద్దు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. వార్ఫరిన్ లాంటి మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే పక్షవాతం వచ్చినా, కాళ్ల సిరల్లో గడ్డలు వచ్చినా ఆ సంగతి కూడా దాచొద్దు.