అంకెలు తారుమారైన పొలము

నేటి సర్వేయరు పొలము నుండి తెచ్చునది పటము కాదు, అంకెల పట్టిక. అందు ఒక్కొక్క వరుస ఒక్కొక్క బిందువు: దాని సంఖ్య, ఉత్తర నిరూపకము, తూర్పు నిరూపకము, ఎత్తు, అది గట్టో రాయో బావియో తెలుపు గుర్తు. ఆటోకాడ్ వంటి సాఫ్టువేరు ఆ బిందువులను కలిపి పటము గీయును.

చిక్కు నిరూపకముల వద్దనే వచ్చును. సర్వేయరు సాధారణముగా ఉత్తరము ముందు వ్రాయును. బడిలో నేర్చిన గణితములో తూర్పునకు పోవు ఎక్స్ ముందు. ఏది ముందో కంప్యూటరునకు చెప్పకున్న ఏమగును? ఒక పొలము మూలలు తూర్పు, ఉత్తరముల వరుసలో (0, 0), (60, 0), (60, 20) మీటర్లు అనుకొందము. వైశాల్యము 600 చదరపు మీటర్లు. అంకెలు తారుమారైనచో మూలలు (0, 0), (0, 60), (20, 60) అగును. వైశాల్యము అదే, గట్ల పొడవులును అవే! కాని పొలము అద్దములోని బొమ్మవలె తిరగబడినది. తూర్పు గట్టు ఉత్తరపు గట్టైనది; పొరుగు రైతు బావి ఎవరి హద్దులోనికి వచ్చునో చెప్పలేము. కేవలము వైశాల్యము సరిచూచి తృప్తిపడువారికి ఈ తప్పు దొరకదు.

దొరకబట్టు ఉపాయ మొకటి కలదు. యూటీఎం పద్ధతిలో భూగోళమును 6 డిగ్రీల వెడల్పు గల 60 పట్టీలుగా విభజింతురు. ప్రతి పట్టీ నడిమి రేఖకు తూర్పు విలువ 5,00,000 మీటర్లు. కనుక తూర్పు నిరూపకము మన ప్రాంతమున ఆరంకెలదే. ఉత్తరమును భూమధ్యరేఖ నుండి కొలుతురు. తెలుగునాట అది 13 లక్షలు దాటును, అనగా ఏడంకెలు. చూడగనే తెలియును.

పట్టీ సంఖ్యయు ముఖ్యమే. తెలుగు రాష్ట్రములలో అధిక భాగము 44వ పట్టీలోనిది. కాని అనంతపురము 43లోను, ఇచ్ఛాపురము 45లోను ఉన్నవి. అనంతపురపు కొలతలను 44 అని చెప్పి ఎక్కించినచో ఆ పొలము బంగాళాఖాతములో తేలును! ఇంత పెద్ద తప్పు మేలే, వెంటనే కంటబడును.

పాత గొలుసు కొలతలు మరొక తంటా. గొలుసు 66 అడుగులు, అందు 100 లింకులు, లింకు 0.201168 మీటరు. లింకులను మీటర్లనుకొన్నచో వైశాల్యము దాదాపు 25 రెట్లు పెరుగును.

రెండవనాటి బిందువులకు మరల 1 నుండి సంఖ్యలిచ్చిన మొదటినాటివి చెరిగిపోవచ్చును. అందుచే తొలినాడు 1001 నుండి, మలినాడు 2001 నుండి మొదలిడుట మంచిది. యంత్రమిచ్చిన మూల పట్టికను మాత్రము దిద్దరాదు. దిద్దుబాట్లన్నియు దాని నకలులోనే చేయవలెను.