చిన్న పుల్లీ వేస్తే ఎన్ని గుర్రాలు పెరుగుతాయి?

పిండిమరలో మోటారుకు ఒక పుల్లీ, మరకు ఒక పుల్లీ, మధ్యన బెల్టు ఉండటం మీరందరూ చూసే ఉంటారు. మర వైపు పుల్లీ ఎంత చిన్నదైతే మర అంత వేగంగా తిరుగుతుంది. కారు ఇంజనుకు బిగించే సూపర్‌చార్జరు కూడా ఇలాగే బెల్టుతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని తోస్తుంది. గాలి ఎక్కువ వెళితే పెట్రోలు కూడా ఎక్కువ కలిపి మండించవచ్చు. అప్పుడు శక్తి పెరుగుతుంది.

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ అమ్మిన 2003 మస్టాంగ్ కోబ్రా కారునే తీసుకుందాం. ఇంజను 4.6 లీటర్లు, శక్తి 390 హార్స్‌పవర్. దాని సూపర్‌చార్జరు ఒక్కో చుట్టుకు సుమారు 1.84 లీటర్ల గాలిని తోసి, మామూలు గాలి పీడనం పైన చదరపు అంగుళానికి మరో 8 పౌండ్ల ఒత్తిడి ఇస్తుంది. దీన్నే బూస్ట్ అంటారు.

లెక్క సులువుగా ఉండేందుకు 3.6 అంగుళాల పుల్లీ తీసి 3 అంగుళాలది వేశామనుకుందాం. 3.6ను 3తో భాగిస్తే 1.2. అంటే గాలి 20 శాతం ఎక్కువ. 390ని 1.2తో హెచ్చిస్తే 468. 78 గుర్రాలు లాభం! చాలామంది ఇక్కడే పెన్నుకు క్యాపు పెట్టేస్తారు. మొదటిసారి నేనూ అంతే చేశాను.

మరి సూపర్‌చార్జరును తిప్పేది ఎవరు? ఆ ఇంజనే కదా! సెకనుకు తోసే గాలిని బూస్ట్‌తో హెచ్చిస్తే ఆ ఖర్చు తెలుస్తుంది. ఇంజను 6000 చుట్లు తిరిగేటప్పుడు సూపర్‌చార్జరు 12000 తిరుగుతుందనుకుంటే, సెకనుకు 0.368 ఘనపు మీటర్ల గాలి. 8 పౌండ్లంటే 55 కిలోపాస్కల్స్. హెచ్చిస్తే 20 కిలోవాట్లు, అంటే 27 హార్స్‌పవర్.

కొత్త బూస్ట్ 8కి 1.2 రెట్లు, 9.6 అనుకుంటే పొరపాటు. వాతావరణ పీడనం 14.7 కలిపి హెచ్చించాలి. 22.7కు 1.2 రెట్లు 27.2, అందులో 14.7 తీసేస్తే 12.5. గాలీ పెరిగింది, బూస్టూ పెరిగింది కనుక ఖర్చు 27 నుంచి 51 హార్స్‌పవర్‌కు చేరుతుంది. దాదాపు రెట్టింపు!

ఇప్పుడు అసలు లెక్క. 390కి 27 కలిపితే 417. దానికి 1.2 రెట్లు 500. అందులో 51 పోతే 449. లాభం 78 కాదు, 59.

ఇదీ పై హద్దే. సైకిలుకు గాలి కొడుతుంటే పంపు అడుగు భాగం వేడెక్కడం మనకు తెలుసు. ఇక్కడా అంతే. వేడెక్కిన గాలి గేజి ముల్లును పైకి లేపుతుంది. ముల్లు పెరిగినంతా గాలి పెరిగినట్టు కాదు. అందుకే గేజిని చూసి కాక పుల్లీల కొలతలను బట్టి లెక్క వేయాలి. వేడి మరీ పెరిగితే ఇంజనులో నాకింగ్ మొదలవుతుంది. దాన్ని ఆపడానికి కంప్యూటరు స్పార్కును ఆలస్యం చేస్తుంది, దాంతో వచ్చిన లాభంలో మళ్లీ కోత. ఆపకపోతే పిస్టన్లే పగిలిపోవచ్చు. పైగా చిన్న పుల్లీకి బెల్టు పట్టు తక్కువ. జారితే 20 శాతం గాలి కూడా రాదు. ఎంత పెరిగిందో తేల్చాలంటే పుల్లీ మార్చక ముందు ఒకసారి, మార్చాక ఒకసారి ఒకే డైనమోమీటరు మీద కారును నడిపి చూడాలి.